ఇంట్ల బండి రిపేర్‌కు సిలికానా, ప్యాకింగా, షెలాకా? ఏ జాయింట్‌కు ఏది పెట్టాలె

బండి కింద ఆయిల్ చుక్క కనపడంగనే మనలో చాలా మంది చేసే మొదటి పని ఆటోమొబైల్ షాపుకు పోయి "అన్నా, ఒక సిలికాన్ ట్యూబ్ ఇయ్యి" అనుడు. షాపాయన ఏ కలర్ అని అడుగుతడు, మనం ఏదో ఒకటి చెప్తం, నల్లదో ఎర్రదో చేతిల పెడ్తడు. అక్కడ్నే సగం తప్పు అయిపోతది. అడగాల్సింది ఏ కలర్ అని కాదు, ఏ జాయింట్‌కు అని. కొన్ని జాయింట్లకు ఫ్యాక్టరీలనే లిక్విడ్ ప్యాకింగ్ (ట్యూబ్‌ల వచ్చే సిలికాన్ లాంటి పేస్ట్) పెడ్తరు, కొన్నింటికి కంపెనీ ప్యాకింగ్ (రెండు ముక్కల మధ్యల పెట్టే కాగితం, రబ్బరు పట్టీ) తప్ప ఏదీ పనికిరాదు, కొన్ని చోట్ల సిలికాన్ పెడితే ఇంజన్‌కే ఎసరు.

మాది నల్లగొండ దగ్గర ఊరు. ఇంట్ల రెండు బైకులు, ఒక పాత చిన్న కారు, మా పెద్దనాయనోళ్ల ట్రాక్టర్, వీటికి వచ్చే లీకులన్నీ నేనే చూస్త. నిరుడు ఎండకాలం మా బావమర్ది వంద సీసీ బండి తెచ్చిండు, పైన హెడ్ కాడ టకటక టకటక సౌండ్, ఆయిల్ మాత్రం నిండుగనే ఉంది. అంతకుముందు ఎక్కడనో క్లచ్ కవర్ విప్పి మల్ల బిగించిన్రట. బయట నుంచి చూస్తే కవర్ చుట్టూ నల్ల సిలికాన్ నీటుగ ఉంది, చుక్క లీకు లేదు. కవర్ విప్పి కింద ఉండే ఆయిల్ జాలి గుంజి చూస్తే జాలి నిండ నల్ల సేమియా లెక్క రబ్బరు పోగులు. బయటికి ఎంత ఉబ్బిందో లోపలికి గూడ అంతే ఉబ్బింది, అది తెగి ఆయిల్‌ల తిరిగి జాలికి పట్టుకుంది, పైకి ఆయిల్ సరిగ ఎక్కలే. లీకు ఆగింది గానీ రాకర్లు (హెడ్‌ల వాల్వులను నొక్కే ముక్కలు) అరిగినయ్. అప్పటి సంది ఎవరన్న సిలికాన్ అంటే నేను ముందు ఈ జాలి సంగతే చెప్త.

ట్యూబ్ కొనేముందు చూసుకోవాల్సినయ్

మొదట, లీకు నిజంగ ప్యాకింగ్ కాడనే ఉందా? ఇది మస్తు మంది వదిలేస్తరు. ఇంజన్‌ను డీజిల్‌తోని బ్రష్ పెట్టి కడిగి, మంచిగ ఆరనిచ్చి, అనుమానం ఉన్న కాడ మొఖానికి పూసుకునే పౌడరో సుద్ద పొడో చల్లి ఒక పది కిలోమీటర్లు తిప్పుర్రి. పౌడర్ ఎక్కడ తడిసిందో లీకు అక్కడ. ఆయిల్ గాలికి వెనక్కి, కిందికి పోతది కాబట్టి తడి కనపడ్డ కాడ కాదు, తడి మొదలైన కాడ చూడాలె. బైకుల ఎడమ దిక్కు గేర్ రాడ్ కాడ, చైన్ స్ప్రాకెట్ వెనక కారుతుందంటే అది చాలా సార్లు ఆయిల్ సీల్ పని, సిలికాన్ ఎంత పూసినా ఆగదు. బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు) మూసుకపోయినా లోపల ప్రెషర్ పెరిగి మంచి ప్యాకింగ్ నుంచి గూడ ఆయిల్ తన్నుకొస్తది, ఆ పైపు ఒకసారి ఊది చూస్తే పోయేదేం లేదు.

లీకు ప్యాకింగ్‌దే అని తేలినంక మూడు ముచ్చట్లు చూడాలె. లోపల ఉన్నది ఇంజన్ ఆయిలా, గేర్ ఆయిలా, కూలెంటా, పెట్రోలా, పొగనా. ఆ జాయింట్ ఎంత వేడెక్కుతది. రెండు మొఖాలు (ఒకదానికొకటి ఆనే అంచులు) ఎట్లున్నయ్, అంటే రెండూ మిషన్ల కోసిన నున్నటి అల్యూమినియమా, లేకపోతే ఒకటి వంగే రేకు కవరా.

ఇంకో ముచ్చట ఉంది, దీన్ని ఎవరూ ఎక్కువ చెప్పరు. ప్యాకింగ్ మందం గూడ ఒక కొలతే. బైక్ బ్లాక్ (పిస్టన్ ఆడే సిలిండర్) కింద ఉండే ప్యాకింగ్ తీసేసి సిలికాన్ పూసి కూసోబెడితే బ్లాక్ ఆ మందం అంత కిందికి దిగుతది, పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కు ఉండాల్సిన గ్యాప్ తగ్గుతది, కంప్రెషన్ మారుతది. ట్రాక్టర్ గేర్ బాక్స్‌ల కొన్ని బేరింగ్ క్యాపుల కింద షిమ్‌లు (సన్న రేకు బిళ్లలు), ప్యాకింగ్‌లు కలిసి బేరింగ్ ఎంత టైట్ ఉండాల్నో కాయం చేస్తయ్, అక్కడ ప్యాకింగ్ పారేసి సిలికాన్ పెట్టినవంటే బేరింగ్ పట్టేస్తది. అందుకే విప్పినప్పుడు ఏముందో, ఎన్ని ఉన్నయో ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోవాలె. ప్యాకింగ్ ఉన్న కాడ ప్యాకింగే, ఏం లేకుంట ఎండిన రబ్బరు పొర కనపడితే అక్కడ సిలికాన్. నూటికి తొంబై సార్లు ఈ ఒక్క లెక్క సరిపోతది.

ముందు ఒక పట్టిక

| ఏది | ఎక్కడ పనికొస్తది | ఎక్కడ వద్దు | బండి ఎంతసేపు ఆపాలె | మల్ల విప్పుడు |
|---|---|---|---|---|
| రెడీమేడ్ ప్యాకింగ్ | క్లచ్ కవర్, మ్యాగ్నెట్ కవర్, బ్లాక్, హెడ్ | గుంటలు పడ్డ మొఖం మీద ఒక్కటే అయితే ఆగదు | బిగించి ఆయిల్ పోసి స్టార్ట్ చెయ్యొచ్చు | సులువు, కాగితం అంటుకుంటే గీకాలె |
| నల్ల, గ్రే సిలికాన్ | ఆయిల్ చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే గిన్నె), గేర్ బాక్స్ కవర్, లిక్విడ్ ప్యాకింగ్ ఉన్న కేసులు | పెట్రోల్, హెడ్ ప్యాకింగ్, బ్రేక్ సామాన్లు | ఒక రోజు | కష్టం, గట్టిగ పట్టుకుంటది |
| ఎర్ర, కాపర్ సిలికాన్ | ఎక్కువ వేడి తగిలే కవర్లు, సైలెన్సర్ దూరం జాయింట్లు | సైలెన్సర్ హెడ్‌కు తగిలే కాడ | ఒక రోజు | కష్టం |
| గాలి తగలకుంటనే గట్టిపడే జెల్ | నున్నటి లోహం మొఖాలు, సన్న గ్యాప్ | రేకు కవర్, ప్లాస్టిక్, పెద్ద గ్యాప్ | కొన్ని గంటల నుంచి ఒక రోజు | మధ్యస్తం |
| షెలాక్ (లక్క జిగురు) | కాగితం ప్యాకింగ్‌కు తోడు | పెట్రోల్ దిక్కు, కదిలే జాయింట్ | తక్కువ | స్పిరిట్‌తోని కరుగుతది |

రెడీమేడ్ ప్యాకింగ్

బైక్ ఇంట్ల చేసుకునేటోళ్లకు నా మొదటి సలహా ఇదే. క్లచ్ కవర్ ప్యాకింగ్ అంటే పెద్ద ఖర్చు కాదు, సిలికాన్ ట్యూబ్ కంటే తక్కువకే దొరుకుతది చాలా బండ్లకు. బండి మోడల్, సంవత్సరం చెప్పి తీసుకోవాలె, వీలైతే పాతది జేబుల పెట్టుకపోయి కొత్తదాని మీద పెట్టి రంధ్రాలు కలుస్తున్నయా చూసుకోవాలె, చూస్తే ఒకటే తీరు కనపడ్తయ్ గానీ ఒక్క బోల్టు కాడ తేడా ఉంటది.

ఇది పెట్టేటప్పుడు చాలా మంది రెండు దిక్కుల సిలికాన్ గూడ పూస్తరు, గట్టిగ ఉండాలె అని. అట్ల చెయ్యొద్దు. కాగితం ప్యాకింగ్ బోల్టుల ఒత్తుడుకు పట్టుకోవాలె, మధ్యల తడి సిలికాన్ ఉంటే బిగించేటప్పుడు ప్యాకింగ్ జారి బయటికో లోపలికో నూకుకపోతది, కొన్నిసార్లు చినిగిపోతది. మొఖం మంచిగుంటే ఒట్టిదే పెట్టుర్రి. కవర్ ఎక్కించేటప్పుడు ప్యాకింగ్ పడిపోతుందంటే కవర్ దిక్కు జర గ్రీస్ రాస్తే చాలు.

మన దగ్గర చిన్న ఊర్లల్ల పాత మోడల్ ప్యాకింగ్ దొరకదు, నల్లగొండకో మిర్యాలగూడకో, అటు దిక్కు అయితే మహబూబ్‌నగర్‌కో జడ్చర్లకో పోవాలె. అట్లాంటప్పుడు ప్యాకింగ్ షీట్ కొని కోసుకోవచ్చు. కవర్ అంచుకు వేలితోని పాత ఆయిల్ సన్నగ రాసి షీట్ మీద అద్దితే అచ్చు పడ్తది, ఆ అచ్చు మీద కత్తెరతోని కోయాలె, రంధ్రాలు ఆ సైజు పైపు ముక్కతోని కొట్టాలె. పాత మెకానిక్‌లు షీట్‌ను కవర్ మీద పెట్టి చుట్టూ సుత్తెతోని తడ్తరు, కోత మంచిగనే పడ్తది గానీ అల్యూమినియం అంచు సొట్టలు పోతది, కొత్తోళ్లు చెయ్యొద్దు. షీట్ మందం పాత ప్యాకింగ్ అంతే ఉండాలె. పెండ్లి కార్డు కోసి పెట్టేటోళ్లను గూడ చూసిన, అది ఆయిల్ పీల్చి మెత్తబడ్తది, తొవ్వల ఆగిపోయిన బండిని ఇంటిదాక తెచ్చుకోనీకి తప్ప దానిమీద ఆధారపడొద్దు.

నల్ల సిలికాన్, గ్రే సిలికాన్

వీటినే ఆర్టీవీ (మామూలు వేడిలనే గట్టిపడే సిలికాన్) అంటరు, చాలా మంది మెకానిక్‌లు అనాబాండ్ అని పిలుస్తరు, అది ఒక కంపెనీ పేరే గానీ వాడుకల అన్నిటికీ అదే పేరు అయిపోయింది. ఇది గాలిల ఉండే తేమతోని గట్టిపడ్తది, ఎండతోని కాదు. ఇది మన దిక్కు బాగ గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట. ఏప్రిల్, మే నెలల్ల నల్లగొండ ఎండకు పైన పొర తొందరగ కడ్తది, వేలు పెడితే అంటదు, మనం అయిపోయింది అనుకుంటం, కానీ గాలి పొడిగ ఉంటది కాబట్టి లోపల ఇంకా పేస్ట్ లెక్కనే ఉంటది. వానాకాలంల ఇదే సిలికాన్ తొందరగ పట్టుకుంటది. ఏ కాలమైనా 24 గంటలకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడ్తది అని లెక్క, అందుకే మందంగ పెడితే లాభం లేదు, నష్టమే.

నల్లది ఆయిల్‌ను తట్టుకుంటది, సాగుతది, కాబట్టి రేకు చాంబర్, వణికే కవర్లకు మంచిది. గ్రే జర గట్టిగ ఉంటది, నున్నటి రెండు అల్యూమినియం మొఖాలు గట్టిగ బిగించే కాడ, కేసులకు, గేర్ బాక్స్‌కు అదే సరి. రెండూ దాదాపు 260 డిగ్రీల వరకు ఆగుతయ్ అని చాలా ట్యూబుల మీద ఉంటది, ఇంజన్ ఆయిల్ అంత వేడి ఎప్పుడూ కాదు కాబట్టి ఆయిల్ జాయింట్లకు వేడి గురించి ఫికర్ వద్దు.

వాసన చూడుర్రి. మూత తీయంగనే వెనిగర్ లెక్క ముక్కు గుచ్చే పుల్ల వాసన వస్తే అందుల యాసిడ్ ఉంది, అది గట్టిపడేటప్పుడు ఆ యాసిడ్ బయటికొచ్చి రాగిని, అల్యూమినియంను తింటది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లల్ల చాలా వరకు సైలెన్సర్‌కు ఆక్సిజన్ సెన్సార్ ఉంటది, తప్పు సిలికాన్ ఆవిరికి ఆ సెన్సార్ ఖరాబైతది. ట్యూబ్ మీద సెన్సార్ సేఫ్ అని రాసున్నదే తీసుకోవాలె. బాత్రూంకు, కిటికీ అద్దాలకు వాడే హార్డ్‌వేర్ షాపు సిలికాన్ చీప్‌గ పెద్ద ట్యూబ్ వస్తది గానీ ఇంజన్‌కు అస్సలు వద్దు, అది ఆయిల్‌కు ఉబ్బి ఊడిపోతది.

ఇగ పెట్టే తీరు. పాతది మొత్తం తీయాలె, ఇది పనిల ముప్పావు వంతు. స్క్రూడ్రైవర్‌తోని గీకితే అల్యూమినియం మీద గీతలు పడ్తయ్, ఆ గీతల నుంచే రేపు మల్ల లీకు. పాత ఏటీఎం కార్డు, ప్లాస్టిక్ స్కేల్ ముక్క, మొండిగ అంటుకున్నది ఏమన్న ఉంటే బ్లేడు పండబెట్టి మెల్లగ తీయాలె. గీకేటప్పుడు లోపల ముక్కలు పడకుంట బట్ట పెట్టాలె. ఆఖరికి థిన్నర్ తడిపిన తెల్ల బట్టతోని తుడవాలె, బట్ట మీద మరక రానంత వరకు. పెట్రోల్‌తోని తుడిస్తే జిడ్డు పొర మిగుల్తది, దాని మీద సిలికాన్ పట్టదు.

తర్వాత రెండు మిల్లీమీటర్ల తీగ, తెగకుంట ఒకటే గీత, బోల్టు రంధ్రాలకు లోపలి దిక్కు నుంచి పోవాలె, రంధ్రం చుట్టూ తిరిగితే ఇంకా మంచిది. అన్నం మెతుకంత మందం అనుకోండి, అంతకంటే వద్దు. బోల్టు రంధ్రంల సిలికాన్ నిండొద్దు, అడుగు మూసున్న రంధ్రం అయితే బోల్టు దిగేటప్పుడు అది పోనీకి జాగ లేక కేస్ పగులుతది. ఆయిల్ పోయే సందులు ఉన్న మొఖమైతే ఆ సందు పక్కన ఇంకా సన్నగ గీయాలె.

బిగించుడు కాడ రెండు మాటలు వింటరు, రెండూ ఎక్కడికక్కడ నిజమే. నున్నటి లోహం మొఖాలైతే తడి మీదనే, పొర కట్టకముందు, అంటే అయిదు పది నిమిషాలల్ల కూసోబెట్టి పూర్తిగ బిగించెయ్యాలె. రేకు చాంబర్ అయితే చేతితోని బిగించినంత బిగించి, ఒక గంట ఆగి, అప్పుడు పూర్తిగ బిగిస్తే మధ్యల ఒక రబ్బరు పొర మిగుల్తది. ఏదైనా ఎదురుబొదురు బోల్టులు బిగించుకుంట పోవాలె. బైకు కవర్లకు వచ్చే 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతది, 8 నంబర్ టీ స్పానర్ పట్టుకొని మణికట్టు బలంతోని తిప్పుర్రి, భుజం బలం పెట్టొద్దు, అల్యూమినియంల మర పోతే సిలికాన్ కంటే చాలా పెద్ద ఖర్చు.

బిగించినంక బయటికి సన్నగ దారమంత వస్తే సరిగ్గ పడ్డట్టు. కంది గింజలంత ఉబ్బిందంటే ఎక్కువ పడ్డట్టు, విప్పి మల్ల తుడిచి పెట్టుర్రి, బద్ధకం వద్దు, ఎందుకంటే అంతే లోపల గూడ ఉంది.

ఎర్రది, కాపర్ కలర్‌ది

వేడి ఎక్కువ అని ఉంటది కాబట్టి ఇదే గొప్పది అనుకొని అన్నిటికీ ఎర్రదే కొంటరు. ఎర్రది 340, కాపర్ 370 డిగ్రీల దాక అని సాధారణంగ రాసుంటది, అది గూడ కొద్దిసేపటికి. ఆయిల్ జాయింట్‌కు ఆ వేడి అక్కర లేదు, అక్కడ నల్లదే మేలు. సైలెన్సర్ బెండ్ పైపు హెడ్‌కు తగిలే కాడ పొగ ఇంతకంటే ఎంతో ఎక్కువ వేడి ఉంటది, అక్కడ సిలికాన్ కాలి పొడైతది, రింగ్ ప్యాకింగ్ కొత్తది వెయ్యాల్సిందే. దూరంగ ఉండే జాయింట్లకు, వేడి తగిలే కవర్లకు కాపర్ నడుస్తది.

గాలి లేకుంటేనే గట్టిపడే జెల్

ఇది మన చిన్న షాపులల్ల తక్కువ దొరుకుతది, బేరింగ్ షాపులల్ల అడగాలె. లోహానికి లోహం తగిలి మధ్యల గాలి లేకుంట అయినంకనే ఇది గట్టిపడ్తది. దీని గొప్పతనం ఏందంటే లోపలికి పిండిన మిగులు గాలి తగిలి ద్రవంగనే ఉండి ఆయిల్‌ల కలిసిపోతది, సేమియా పోగులు కాదు. మా బావమర్ది బండి చూసినంక నున్నటి కేసులకు నేను దీన్నే వాడుతున్న. కాకపోతే గ్యాప్ పావు మిల్లీమీటర్ దాటితే పనిచెయ్యదు, గీతలు గుంటలు పడ్డ పాత కేసుకు దండగ.

షెలాక్

పాతకాలం మెకానిక్‌ల చేతిల ఇంకా ఉంటది. కాగితం, కార్క్ ప్యాకింగ్‌కు సన్నగ రాస్తే పట్టుకుంటది, చిన్న గీతలు నింపుతది. ఎండినంక పెళుసు అయితది, వణికే జాయింట్‌ల పగులుతది. ఇది స్పిరిట్‌ల కరిగే సరుకు, ఇప్పుడు బంకుల దొరికే పెట్రోల్‌ల 20 శాతం దాక ఇథనాల్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్ దిక్కు దీన్ని నమ్మొద్దు. కార్బురేటర్ బౌల్‌కు సిలికాన్ గూడ వద్దు, పెట్రోల్‌కు ఉబ్బి ముక్కలై జెట్‌ల ఇరుక్కుంటది. అక్కడ ఓ-రింగే (గుండ్రటి రబ్బరు రింగ్).

మీ పరిస్థితి ఏంది?

తెల్లారితే డ్యూటీకి పోవాలె, ఉన్నది ఒక్కటే బండి అంటే రెడీమేడ్ ప్యాకింగే. సాయంత్రం సిలికాన్ పెట్టి పొద్దుగాల ఐదింటికి హైదరాబాద్ రోడ్డు ఎక్కొద్దు, వేడి ఆయిల్ ప్రెషర్‌కు పచ్చి సిలికాన్ ఒక్క కాడ ఊదితే ఆయిల్ వెనక టైరు మీద పడ్తది, అది ప్రాణం మీదికి వస్తది.

ట్రాక్టర్ ఉన్న రైతులకు సిలికాన్ నిజంగ పనికొస్తది. పెద్ద హౌసింగ్‌లు, పాతబడ్డ మొఖాలు, ప్యాకింగ్ దొరుకుడు కష్టం. గ్రే తీసుకోండి, కానీ ముందు చెప్పినట్టు షిమ్ ఉన్న కాడ షిమ్ తీయొద్దు. హైడ్రాలిక్ దిక్కు ప్రెషర్ ఉన్న కాడ సిలికాన్ ఆగదు, ఓ రింగ్ మార్చుకోవాలె. దుక్కి సీజన్ మొదలుకాకముందు, బండి రెండు రోజులు ఖాళీ ఉన్నప్పుడు పెట్టుకుంటే నిమ్మళంగ ఆరుతది.

పాత చిన్న కారు ఉన్నోళ్లకు, పైన ట్యాపెట్ కవర్ లీకు అయితే రబ్బరు ప్యాకింగ్ మార్చుర్రి, రబ్బరు మీద మొత్తం సిలికాన్ పూయొద్దు, మూలలు తిరిగే కాడ, సగం చందమామ లెక్క ఉండే కాడ మాత్రం ఒక చుక్క పెట్టాలె. కింద ఆయిల్ చాంబర్‌కు చాలా కార్లల్ల ఫ్యాక్టరీ నుంచే లిక్విడ్ ప్యాకింగ్, అక్కడ నల్లది. రేకు అంచు బోల్టుల కాడ లోపలికి వంగి ఉంటే ముందు చదును చేసుకోవాలె. వాటర్ పంపు, థర్మోస్టాట్ కాడ కూలెంట్‌కు పనికొస్తది అని ట్యూబ్ మీద రాసుంటేనే పెట్టాలె.

హెడ్ ప్యాకింగ్‌కు, బ్రేక్ సామాన్లకు ఎవరు చెప్పినా సిలికాన్ పెట్టొద్దు. ఆయిల్ డ్రైన్ బోల్టు కాడ కారితే వాషర్ మార్చాలె. కేస్‌కు సన్న పగులు ఉంటే బయట నుంచి ఎం-సీల్ పెట్టి కొన్ని రోజులు నడపొచ్చు, ఆలోపు వెల్డింగ్ చేయించుకోవాలె.

ట్యూబ్ కొనేటప్పుడు తేదీ చూసుకోండి, దుమ్ము పట్టిన షెల్ఫ్ మీదది వద్దు, తేదీ దాటింది సరిగ గట్టిపడదు. ఇంట్ల వాడేటోళ్లకు చిన్న ట్యూబే మేలు, పెద్దది ఒకసారి తెరిస్తే మల్ల అక్కరొచ్చే వరకు రాయి అయితది. మిగిలితే ముక్కుల ఒక మేకు గుచ్చి మూత పెట్టి నీడకు పెట్టుకోండి, మల్ల వాడేటప్పుడు మేకు గుంజితే ముందర గట్టిపడ్డ ముక్క దానితోనే వస్తది.

సిలికాన్ పెట్టి బిగించిన బండికి మొదటి ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్‌ను పారబోయకుంట ఒక పల్చటి బట్ట గుండ వడగట్టి చూడుర్రి. బట్ట మీద రబ్బరు పోగులు ఒకటి రెండు కనపడ్డా సరే, ఆ రోజే కవర్ విప్పి జాలి కడగాలె.